రెండు షిఫ్టుల దిండు

"మీటరు పాడైందేమో మేడం. ఇంకోసారి చూడండి," అన్నాడు డ్యూటీ డాక్టరు.

ఇందుజ ఇంకోసారి చూసింది. మంచం మీద ఉన్నవాడి తల నుంచి కాళ్ల దాకా, రేడియేషన్ కొలిచే సర్వే మీటరుని నెమ్మదిగా జరిపింది. ముల్లు కదల్లేదు.

"మీటరు బాగానే ఉంది," అందామె. "ఇతని ఒంట్లో ఏమీ లేదు. అంటే ఇతన్ని కాల్చింది ఇంకా బయటే ఎక్కడో ఉంది."

పీపీఈ కిట్ వెనక డాక్టరు మొహం కనిపించలేదు. ఒక అడుగు వెనక్కి వేయడం మాత్రం కనిపించింది.

సూరత్‌లో కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏప్రిల్ అది. ఆసుపత్రి గేటు బయట అంబులెన్సులు బారులు తీరి ఉన్నాయి. ఈ వార్డులో ఇద్దరు తెలుగు కార్మికులు వాంతులతో, జ్వరంతో చేరారు. ఎన్నిసార్లు పరీక్ష చేసినా కరోనా లేదనే వచ్చింది. రక్తంలో తెల్ల కణాలు మాత్రం అడుగంటిపోయాయి. వాళ్లలో పెద్దవాడు, నర్సింగం, ఆ ఉదయమే చనిపోయాడు. అతని ఎడమ చెవి నుంచి దవడ దాకా చర్మం మరిగే నూనె పడ్డట్టు ఉడికిపోయింది. ఆ పక్క జుట్టు మొత్తం దువ్వెనతో ఊడి వచ్చింది.

రెండోవాడు పరుశురాం. వీడికి అదే గాయం, కుడివైపు.

ఇలాంటి చర్మాన్ని డ్యూటీ డాక్టరు ఇంతకుముందు కేన్సర్ రోగుల్లోనే చూశాడు. అందుకే పక్క వీధిలోని కేన్సర్ ఆసుపత్రికి ఫోన్ చేశాడు. అక్కడ రోగికి ఎంత రేడియేషన్ ఇవ్వాలో లెక్కగట్టే భౌతిక శాస్త్రవేత్త ఇందుజ. రేడియేషన్ భద్రత బాధ్యత కూడా ఆమెదే.

ఆమె మంచం మీదకి వంగింది. "పరుశురాం, నేనూ తెలుగే. మీరిద్దరూ ఎక్కడ పని చేస్తారు?"

తెలుగు వినబడగానే అతని కళ్లు తెరుచుకున్నాయి. "నేను భేస్తాన్‌ల బట్టలు నేసే సాంచెల మీద మేడం. నైట్ షిఫ్టు. నర్సింగం అన్నది పల్సానాల రంగుల మిల్లు. పగటి షిఫ్టు."

"ఇద్దరూ కలిసి ఎక్కడికైనా వెళ్లారా? ఏదైనా ఇనప ముక్క దొరికిందా?"

"యాడ కలుస్తం? ఒక్క రూముల ఉంటం గని మొకాలు చూసుకునేది మిల్లులు బందున్న రోజే. ఆయన లేస్తే నేను పంట. నేను లేస్తే ఆయన పంటడు."

"ఒకే చోట?"

"ఒక్కటే చాప, ఒక్కటే దిండు. రూముల అందరిదీ గంతే. పక్క చల్లారనియ్యం." నవ్వబోయాడు. పెదవి చిట్లింది. "దిండు మాత్రం నాదే. కొత్తది. అన్నకు ఎట్లుంది మేడం?"

ఇందుజ అతని చెవి దగ్గరి గాయాన్ని ఇంకోసారి చూసింది. వీడు కుడివైపు తిరిగి పడుకుంటాడు. చనిపోయినవాడు ఎడమవైపు. కాలిన చోటు రెండు తలల్లోనూ ఒకే ఎత్తులో ఉంది.

దిండు.

ఇప్పుడు ఆ దిండు మీద ఎవరు పడుకుని ఉన్నారు?

వార్డు బయటికి పరుగెత్తుతూనే ఆమె ముంబైలోని అణు భద్రతా అధికారులకు ఫోన్లో చెప్పింది. వాళ్ల మనుషులు వచ్చేసరికి సాయంత్రమవుతుందన్నారు. పోలీసులకు చెప్పింది. తర్వాత పెదనాన్న కొడుకు ఫణికుమార్‌కి ఫోన్ చేసింది. తన ఆసుపత్రిలో ఉన్నది కరెంటుతో నడిచే యంత్రం. స్విచ్ ఆపితే కిరణాలు ఆగిపోతాయి. స్విచ్ లేని దాన్ని పట్టుకోవడానికి సీసపు డబ్బా కావాలి, పొడవాటి పటకారు కావాలి. అవి ఫణికుమార్ దగ్గర ఉన్నాయి. సూరత్ పక్కనున్న కిమ్‌లో అతనిది పైపుల అతుకుల్ని రేడియేషన్‌తో ఫోటో తీసి పరీక్షించే కంపెనీ. ఇద్దరూ ఒకే రైల్వే క్వార్టర్స్‌లో పెరిగారు.

"అన్నయ్యా, ఇరిడియమో కోబాల్టో, రేడియేషన్ చిమ్మే ముక్క ఎవరిదో బయట పడింది. దిండులో ఉందనుకుంటున్నాను. ఒకడు పోయాడు, ఒకడు చావుబతుకుల్లో ఉన్నాడు."

"ఇద్దరా?" అన్నాడు ఫణికుమార్.

"ఇద్దరే అని ఎలా చెప్పను? రూము నిండా మనుషులే. నువ్వు డబ్బా తీసుకుని బయలుదేరు."

"వస్తున్నా. ఇందూ, నేను వచ్చేదాకా దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వకు. నువ్వూ దగ్గరికి వెళ్లకు." గొంతు నిండా ఆదుర్దా.

పోలీసులు పంపిన ఎస్సై రమీలాబెన్‌తో కలిసి జీపులో ఇందుజ భేస్తాన్ చేరింది. సందులో సాంచెల చప్పుడుకి గోడలు వణుకుతున్నాయి. మేడ మీద పొడవాటి గదిలో రాత్రి షిఫ్టు వాళ్లు వరసగా పడి నిద్రపోతున్నారు. గుమ్మంలో రూము పెద్ద లస్మయ్య కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు.

"జర మెల్లగ మేడం. పోరగాళ్లు ఇప్పుడే పన్నరు."

"లేపండి పెద్దయ్యా. అందరూ కిందికి దిగాలి, వెంటనే."

"గీ మిషన్ గూడ కరోనాదేనా? మొన్న మున్సిపాలిటోళ్లు ముక్కుల పుల్లలు పెట్టి పోయిన్రు. ఇంకేం మిగిలింది మా దాంట్ల చూసెతందుకు?"

ఎస్సై లాఠీతో తలుపు మీద కొట్టింది. మనుషులు లేచి తూలుకుంటూ మెట్లు దిగారు. ఇందుజ మీటరు ముందుకు చాచి ఒక్కో చాపా దాటింది. మూల చాప దగ్గర ఆగింది. పరుశురాం చాప అదేనని లస్మయ్య చెప్పాడు. మీటరు మామూలుగానే ఉంది. చాప మీద దిండు లేదు.

"దిండు ఏది?"

"పోయింది."

"ఎక్కడికి?"

"ఊరికి. నర్సింగం సచ్చిపాయె. పీనుగను ఊరికి తీస్కపోనియ్యరట, ఈన్నే కాలుస్తరట. కనీసం ఆయన సామానన్న పెండ్లాం ఎల్లవ్వకు చేరాలె గద. అంగి, చెంబు, చెప్పులు, అన్ని మూటగట్టి దశరథం తోని పంపిన. పరుశురాం దిండు గూడ ఏసిన. కొత్త దిండు, మెత్తటిది. రైల్ల దశరథానికి తల కిందికైతది, ఆడికి పోయినంక ఎల్లవ్వకైతది."

"ఏ రైలు?"

"సికింద్రాబాద్ రైలు. ఇంకో గంటల ఎల్తది. రిక్షా ఎక్కి ఎప్పుడో పోయిండు."

జనరల్ బోగీ. ఊళ్లకు పారిపోతున్న కూలీలు, ఒకరి మీద ఒకరు. పగలూ రాత్రీ అందులో ఆ దిండు. దిగాక ఎల్లవ్వ తల కింద అదే దిండు. రమీలాబెన్ అప్పటికే స్టేషన్‌కి ఫోన్ చేస్తోంది.

"పెద్దయ్యా, ఆ దిండు ఇక్కడికి ఎలా వచ్చింది?"

"మూడు వారాలాయె. కరోనా కిట్ల అచ్చింది. బియ్యం, పప్పు, మాస్కులు, మీద ఈ దిండు. పరుశురాం ఒక్కనికే. పేరడిగి మరీ ఇచ్చిండు. మేమందరం మనుషులం కామా అనడిగిన."

"ఎవరు ఇచ్చింది?"

"నాకేమెరుక? తెల్ల సూటు, మూతికి మాస్కు, మొకానికి ప్లాస్టిక్ అద్దం. చంద్రుని మీద దిగెటోని లెక్కున్నడు. తెలుగు మంచిగనే మాట్లాడిండు. మా అసొంటి తెలుగు కాదు, టీవీల వార్తలు చదివెటోళ్లది."

మెట్లు దిగుతూ ఇందుజ ఫణికుమార్‌కి మళ్లీ ఫోన్ చేసింది. "అన్నయ్యా, భేస్తాన్ వద్దు. సూరత్ స్టేషన్‌కి రా. దిండు రైలెక్కింది."

"నేను దారిలోనే ఉన్నా. నీకన్నా ముందే చేరతా," అన్నాడతను.

జీపు ఉధ్నా వంతెన ఎక్కుతుండగా ఆమె వార్డుకి ఫోన్ చేసి, నర్సు చేత పరుశురాం చెవి దగ్గర పెట్టించింది.

"నీకు దిండు ఎవరు పంపారు?"

"పాత కంపెనీ నుంచి అనుకున్న మేడం." మాట మాటకీ ఆగుతున్నాడు. "సాంచెలకు రాకముందు ఆడ హెల్పర్‌గ చేసిన. నాతోని సోమలింగం అని ఇంకో పిలగాడు. ఒకనాడు పైపుల కాడ మిషన్ల నుంచి చిన్న ముక్క కింద పడ్డది. చింతగింజంత. వాడు చేతితోని తీసి డబ్బల ఏసిండు. వేళ్లు కుళ్లిపోయి చెయ్యే తీసేసిన్రు. వేడి నూనె పడ్డదని రాసిచ్చి ఊరికి పంపిన్రు. నేను చూసిన గద, ముంబై సార్లకు చెప్త అన్న."

"ఎవరితో అన్నావు?"

"మా సారుతోనే. ఆయన కోపం చెయ్యలే. జర ఆగు, సోమలింగానికి నేనే న్యాయం చేస్త అన్నడు. ఎన్క కిట్టు అచ్చింది. సారు మంచోడే అనుకున్న."

"పరుశురాం, ఆ కంపెనీ ఎక్కడ?"

"కిమ్‌ల."

ఫోను ఆమె చెవి దగ్గరే ఉండిపోయింది. కిమ్‌లో ఆ పని చేసే కంపెనీ ఒక్కటే.

"ఏమైంది బెన్?" అంది ఎస్సై, అక్కని పిలిచినట్టు.

చెప్పడానికి ఇందుజ నోరు తెరిచింది, వెంటనే మూసుకుంది. ఇప్పుడు ఆ పేరు చెబితే పోలీసులు అతన్ని స్టేషన్ గేటు దగ్గరే పట్టుకుంటారు. దిండు బోగీలోనే ఉండిపోతుంది. దాన్ని ముట్టుకోగలిగిన పటకారు, మూసిపెట్టగలిగిన డబ్బా, ఆ పని వచ్చిన చేతులు, ఈ ఊళ్లో ఇప్పుడు అతనివే.

"ఏం లేదు. త్వరగా పోనివ్వండి," అంది.

రైలు కదల్లేదు. రైల్వే పోలీసులు సామాన్లు ముట్టుకోనివ్వకుండా బోగీలోని వాళ్లనందర్నీ దించేశారు. ప్లాట్‌ఫాం మీద వందల మంది, మూతులకి రుమాళ్లు కట్టుకుని, ఎందుకు దింపారని మూడు భాషల్లో అరుస్తున్నారు. బోగీ వైపు నడుస్తుంటే ఇందుజ చేతిలో మీటరు మొదట చినుకుల్లా, తర్వాత వానలా మోగింది. కిటికీకి కొంత దూరంలోనే ఆగిపోయింది. పై బెర్తు మీద గులాబీ పూల గలేబుతో దిండు.

"నాదే అది," అన్నాడు దశరథం. పోలీసు చేతిలో రెక్క విడిపించుకోవాలని చూస్తున్నాడు. "దొంగ సామాను కాదు మేడం. సచ్చిపోయినోని దిండు."

"తల కింద పెట్టుకున్నావా?"

"ఇప్పుడే పన్న. జర కునుకు పట్టింది, ఇంతల లేపిన్రు."

"ఇతన్ని ఆసుపత్రికి పంపండి, ఇప్పుడే," అందామె.

అప్పుడే జనాన్ని తోసుకుంటూ ఫణికుమార్ వచ్చాడు. ఒక చేత్తో తోపుడు బండి మీద సీసపు డబ్బా, ఇంకో చేతిలో తన పొడవే ఉన్న పటకారు.

"నీ మొహం అలా ఉందేంటి?"

"మాస్కు ఉంది కదన్నయ్యా, నీకేం కనిపిస్తోంది?"

"కళ్లు." అతను కాసేపు ఆ కళ్లలోకే చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నేను తీస్తాను. కానీ డబ్బా నాతో కిమ్ వస్తుంది. అక్కడ భద్రంగా దాచే గొయ్యి ఉంది. ముంబై వాళ్లు వస్తే నేను మాట్లాడుకుంటా. సరేనా?"

"సరే అన్నయ్యా. ముందు అది తియ్యి."

అతను బోగీ ఎక్కాడు. ఏ కంగారూ లేదు. పటకారుతో దిండుని కింది సీటు మీదకి లాగాడు. దూరం నుంచే గలేబు చీల్చాడు. దూది లేచింది. మీటరు అరుపుకి ప్లాట్‌ఫాం మీద జనం నోళ్లు మూతపడ్డాయి. దూదిలోంచి చింతగింజంత ఉక్కు ముక్క, తోకలా కొంచెం తీగతో, పటకారు కొసన తేలింది. ఆ చెయ్యి వణకలేదు. నర్సింగాన్ని చంపిన చెయ్యి చివరిదాకా అలాగే నిలకడగా ఉండాలని ఇందుజ మనసులో దండం పెట్టుకుంది.

మూత పడింది. తాళం తిరిగింది. మీటరు చప్పున చల్లబడింది.

ఫణికుమార్ డబ్బాని బండి మీదకి చేర్చి, ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు. తెల్ల సూటు చెమటకి ఒంటికి అంటుకుపోయింది. గుజరాతీ ఎస్సైకి తెలుగు రాదని అతని ధీమా.

"ఇందూ, ఆ రెండోవాడెవడే? ఒక్కడి దిండు మీద ఇద్దరెలా పడుకుంటారు?"

"పగలు ఒకరు, రాత్రి ఒకరు. పక్క ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో కంపెనీ నడుపుతున్నావు, నీ పనివాళ్లు ఎలా నిద్రపోతారో తెలీదా?"

"నాకు తెలీదే." నిజంగానే తెలియనట్టు తల అడ్డంగా ఊపాడు. "ఒక్కడే అనుకున్నా. ఎవరైనా కరోనా అనే అనుకుంటారు కదా."

బండి పిడి మీద అతని చెయ్యి బిగిసింది. ఇందుజ తన చెయ్యి డబ్బా మూత మీద వేసింది.

రమీలాబెన్ దగ్గరికి వచ్చింది. "అయిపోయిందా బెన్? ఈ సాబ్‌తో పాటు డబ్బా పంపించేయనా?"

"వద్దు. డబ్బా కదలకూడదు, తాళం చెవి మీరు తీసుకోండి." ఇందుజ మాస్కు కిందికి లాగింది. ఎస్సైకి, రైల్వే పోలీసులకి, వెనక నిలబడ్డ కూలీలకి, అందరికీ అర్థం కావాలని హిందీలో, గట్టిగా చెప్పింది. "ఈ దిండు పంపింది ఎవరో తెలిసింది. ఇక్కడే ఉన్నాడు. ఫణికుమార్. మా అన్నయ్య ఫణికుమార్."