సైరన్ ఆగకూడదు

చినుకు ఇంకా రాలలేదు. పలమనేరు వైపు మబ్బులో ఒక మెరుపు మెరిసింది. ఆ వెంటనే క్వారీ గట్టు మీద సైరన్ కూత పెట్టింది. బొత్తాం ఎవరూ నొక్కలేదు.

రేకుల పందిరి కింద ఉన్న ధనంజయ ముందున్న సైరన్ పెట్టె మీదికి వంగాడు. ఆ పెట్టె చేసింది తనే. చిత్తూరులో రేడియోలు బాగుచేసుకునే అతన్ని పిలిచి క్వారీ యజమాని చేయించుకున్నాడు. సైరన్ సన్నగా మోగుతోందంటే, ధనంజయ ఆ రోజు వచ్చి మూత విప్పి చూస్తున్నాడు. బొత్తాం నొక్కితే సైరన్ మోగాలి, జనం దూరం పోయేదాకా మోగి ఆగాలి. ఆగగానే రాతిలో కూరిన మందు పేలాలి.

ఆ సేపు ఎంతో తేల్చేది లోపలున్న ఎనిమిది కాళ్ల చిప్పు. ఒక కాలికి చిన్న తాకుడు తగిలితే చాలు, లేచి సైరన్ మోగిస్తుంది. పక్కనున్న కెపాసిటర్ మెల్లగా కరెంటుతో నిండుతుంది. అది నిండగానే చిప్పు తనంతట తనే పడుకుంటుంది. మధ్యలో మళ్లీ నొక్కినా వినదు. తాకింది వేలో మెరుపో దానికి తెలియదు. పొడుగాటి బొత్తాం వైరు మెరుపు తాకుడును లోపలికి మోసుకొస్తుందని పెట్టె కట్టేటప్పుడు ధనంజయకు తట్టలేదు.

"పైకి రండప్పా! నేను నొక్కలా! అదే మోగతాండాది!" అని గుంతలోకి అరిచాడు.

వానొస్తుందన్న తొందరలో పేల్చే వైర్లు ముందే పెట్టెకు బిగించేశారు. కింద కూలీలు పారలు వదిలేసి బాట పట్టారు. రంధ్రాల్లో మన్ను కూరే చంద్రకాంతమ్మ రాళ్ల మీద జారి, కాలు పట్టుకుని కూలబడింది. మందు పేల్చే మేస్త్రీ మునిరామయ్య ఆమె వైపు పరిగెత్తాడు.

ధనంజయ చెయ్యి బ్యాటరీ తీగ మీదికి పోయి ఆగింది. కరెంటు తీసేసినా సైరన్ ఆగుతుంది, అడుగున బిగించేసిన వేరే బ్యాటరీ నుంచి పేల్చే కరెంటు పోకుండా పట్టి ఉంచే రిలే వదిలేస్తుంది, మందు పేలుతుంది. అలా కట్టిందీ తనే. పేల్చే వైర్ల నట్లు ఎంత తిప్పినా కదల్లేదు. వైర్లు కోసే కటింగ్ ప్లేయర్ మునిరామయ్య నడుముకు ఉంది.

చేతిలో స్క్రూడ్రైవర్ ఒక్కటే మిగిలింది. దాని కొనను కెపాసిటర్ రెండు కాళ్లకూ అడ్డంగా ఆనించాడు. అవి కలిసి ఉన్నంత సేపూ కెపాసిటర్ నిండదు, చిప్పు పడుకోదు. సైరన్ మోగుతూనే ఉంది. ఇంతకుముందు ఆ మోత వింటే చెవులు మూసుకునేవాడు. ఇప్పుడది ఎక్కడ ఆగిపోతుందోనని ఊపిరి బిగబట్టి వింటున్నాడు.

చెమటకు పిడి జారుతోంది. రెండో చేత్తో మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. మళ్లీ మెరుపు. కళ్లు మూసుకోబోయి మూసుకోలేదు. చూపు తప్పితే కొన తప్పుతుంది. అన్ని కాళ్ల చప్పుళ్లూ పందిరి దాటిపోయాయి. మునిరామయ్యవి మాత్రం రాలేదు.

"మామా, యాడుండావు?"

చంద్రకాంతమ్మ మూలుగు దగ్గరైంది. ఆమెను వీపున వేసుకుని మునిరామయ్య గట్టెక్కాడు.

"వైరు కోసెయ్ మామా! నేను సెయ్యి తియ్యలేను!"

మునిరామయ్య ఆమెను దించి, ప్లేయర్ లాగి, ఒక వైరు తెంచి దూరంగా విసిరేశాడు. "తెగింది. తియ్ అబ్బా."

ధనంజయ తియ్యలేకపోయాడు. వేళ్లు రాలేదు. మునిరామయ్యే ఒక్కొక్క వేలూ విప్పాడు. సైరన్ ఇంకా కొంతసేపు మోగి ఆగిపోయింది. పెట్టెలో రిలే టక్కుమంది. గుంతలో రాళ్లు కదల్లేదు.

చంద్రకాంతమ్మ వాచిన కాలు రుద్దుకుంటూ అడిగింది. "మెరుపుకే మోగే పెట్టెను మా నెత్తిన పెడితివా నాయనా?"

"నాదే తప్పమ్మా" అన్నాడు ధనంజయ.

మునిరామయ్య ప్లేయర్‌ను నడుముకు దోపుకున్నాడు. "సూడు, దీన్ని బాగుసేసుకోని రా. యజమానితో నేను సెప్తాను. అయితే మళ్లీ వైర్లు బిగించే రోజు నువ్వు ఈడ నిలబడేది లేదు. మాతో గుంతలో ఉండాల."

"ఉంటా మామా" అన్నాడు ధనంజయ. వాన మొదలైంది. పెట్టెను ఒళ్లో పెట్టుకుని బొత్తాం వైరు పీకడం మొదలుపెట్టాడు.