ఆదాం గడ్డం

పొద్దున ఎనిమిదింటికి షెడ్డు తాళం తీయగానే సఫూరా చేసే మొదటి పని బొమ్మలకు గడ్డాలు గీయడం. జానెడేసి మగవాళ్లు పద్నాలుగు మంది బల్లమీద వరసగా నిలబడి ఉంటారు. సాయంత్రం నున్నగా వదిలిన చెంపలు తెల్లారేసరికి గరుకెక్కుతాయి. అలాగే వదిలేసి ఫొటోలు తీస్తే, తెరమీద మనిషి నాలుగడుగులు వేసేలోపే బైరాగిలా తయారవుతాడు. మొదట్లో దర్శకుడు కరుణాకర్ రబ్బరు మార్చి చూశాడు, రంగు మార్చి చూశాడు. తర్వాత ఊరుకుని బ్లేడ్లు పెట్టెలకొద్దీ తెప్పించడం మొదలుపెట్టాడు. పక్క షెడ్డులో చీరలు నేసేవాళ్లయితే, పనిలో పనిగా క్రాపు కూడా చేయించమని సలహా ఇచ్చారు.

మంగళగిరిలో మూతపడ్డ మగ్గాల షెడ్డు అది. బొమ్మను రవ్వంత కదిపి ఒక ఫొటో, మళ్లీ కదిపి ఇంకో ఫొటో, అలా మూడేళ్లుగా సినిమా తీస్తున్నారు. కథ మాత్రం ఇరవై ఆరేళ్ల కిందటిది. గుంటూరు మిరపకాయల హమాలీల తలగుడ్డల్లో దాక్కుని చేతులు మారిన బొమ్మల పుస్తకం. జిరాక్స్ కాగితాలు, రెండు పిన్నులు, గీసినవాడి పేరు లేదు. కోల్డ్ స్టోరేజీలో ఆదాం అనే హమాలీ చచ్చిపోతే, గుండెపోటని యజమాని ఊరంతా చెప్పించాడు. కాదు, టిక్కీలనే మిరప బస్తాల వరస కూలి దాని కింద నలిగి పోయాడని చెప్పే ధైర్యం ఆ పుస్తకానికే ఉండింది. దాన్ని గీసింది ఆదాంతో ఒకే ముఠాలో బరువులు మోసిన యలమంద అని ఈమధ్యనే బయటపడింది.

ఆదాం భార్య రసూల్‌బీ కూడా ఆ షెడ్డులోనే పనిచేస్తోంది. అనుమతి అడగడానికి వెళ్లిన కరుణాకర్‌తో, ఊరికే కూర్చోలేను, ఏదైనా పనివ్వమంది. బొటనవేలంత గోనె సంచులు కుట్టడం ఆమె పని. ఇప్పటికి ఎనిమిది వందలు కుట్టింది. భర్త మీద కూలబోయే బస్తాలు అవేనని ఆమెకు తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తరు.

పుస్తకంలో ఆదాం చావు ఇలా ఉంటుంది. పొద్దున పనికి వెళ్తుంటే భార్య పెందలాడే రమ్మంటుంది. పై వరస దించాకే కింది వరస ముట్టుకోవాలన్నది ముఠా కట్టుబాటు. ఇంటికెళ్లే తొందరలో ఆదాం దాన్ని కాదని, అడుగు టిక్కీకి కొక్కెం వేసి లాగుతాడు. వరస కూలిపోతుంది.

తొమ్మిది రోజులు కష్టపడి ఆ సన్నివేశం తీశారు. దుమ్ము లేచినట్టు కనిపించడానికి పర్చూరు పత్తిని పొరలు పొరలుగా విడదీసి అతికించారు. పదో రోజు పొద్దున సఫూరా భయంభయంగా ఆదాం చెంప తడిమింది. కథలో ముందే పోయిన ముసలి మేస్త్రీకి, అతని చావు తీసిన మర్నాటి నుంచి గడ్డం రావడం మానేసింది. అతన్ని గుడ్డలో చుట్టి పెట్టెలో పడుకోబెట్టింది కూడా తనే. ఆదాంకు మాత్రం గడ్డం పెరిగింది.

కరుణాకర్ బస్తాలు సరిగా పడలేదేమో అన్నాడు. మళ్లీ తీశారు. గడ్డం వచ్చింది. మూడోసారి తీశారు. వచ్చింది. తీసిన ప్రతిసారీ రసూల్‌బీ సూది పక్కన పెట్టి గోడవైపు తిరిగి కూర్చునేది. మూడోసారి అయ్యాక సఫూరాతో ఒకే మాట అంది.

"నేను ఆ రోజు పెందలాడే రమ్మనకుండా ఉంటే బతికేవాడమ్మా."

సఫూరాకు దుఃఖం ఆగలేదు. నాలుగోసారి ఈ మనిషి ముందు ఆ చావు తీయడం తన వల్ల కాదని కరుణాకర్‌తో తెగేసి చెప్పింది. యలమందకు తనే ఫోన్ చేసింది. ఆదాం ఇంకా చావలేదండీ, ఒకసారి వచ్చి చూడండి, అంది.

ఆయన మర్నాడే గుంటూరు నుంచి బస్సులో వచ్చాడు. అరవై దాటిన మనిషి, మెడ ఒక పక్కకు ఒరిగిపోయింది. బొమ్మను చేతుల్లోకి తీసుకుని చెంప మీద వేలు పెట్టాడు. గరుకు తగిలింది. బొమ్మను దించి రసూల్‌బీ ముందు నేలమీద చతికిలబడ్డాడు.

"చెల్లెమ్మా, అడుగు టిక్కీ లాగింది నేను. లారీ వెళ్లిపోతోందని గుమస్తా అరుస్తున్నాడు. ఆదాం వద్దురా అంటూ నన్ను పక్కకు నెట్టాడు. వరస వాడి మీద పడింది."

"మరి పుస్తకంలో అట్లా ఎందుకు గీశావన్నా?"

"నన్ను గీసుకుంటే ముఠాలోంచి వెళ్లగొడతారని భయం. పెందలాడే రమ్మందిరా అని పొద్దున వాడు నవ్వుతా చెప్పిన మాట గుర్తొచ్చింది. దాన్నే వాడుకున్నా. పోయినోడి మీద పెడితే ఎవరికీ నొప్పి ఉండదనుకున్నా."

"నేనున్నాగా," అంది రసూల్‌బీ.

తర్వాత ఆయనకు మంచినీళ్లు ఇప్పించింది.

సఫూరా ముప్పై అయిదేళ్ల యలమంద బొమ్మను రెండు రోజుల్లో తయారుచేసింది. మర్నాటికి ఆ బొమ్మకూ గడ్డం వచ్చింది, కాకపోతే తెల్లగా వచ్చింది. దాన్నీ గీసేసింది. మళ్లీ తొమ్మిది రోజులు పట్టింది. ఈసారి రసూల్‌బీ గోడవైపు తిరగలేదు. కొక్కెం పట్టిన చేతినీ, దాన్ని నెట్టిన చేతినీ ఫొటో ఫొటోకూ చూస్తూ కూర్చుంది.

పదో రోజు పొద్దున సఫూరా ఆదాం దగ్గరికి బ్లేడు పట్టుకుని వెళ్లి, వాడకుండానే తిరిగొచ్చింది. బొమ్మను తెచ్చి రసూల్‌బీ ఒళ్లో పెట్టింది. ఆమె ఆ నున్నటి చెంప నిమిరి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. కాసేపటికి ఫోన్ తీసి, రోజూ గుంటూరు నుంచి రైల్లో చీరాల వెళ్లి చీరల కొట్టులో పనిచేసే కూతురు యాస్మిన్‌కు కలిపింది.

"ఇవాళ పెందలాడే రామ్మా," అంది.

యాస్మిన్ బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఎంత పొద్దుపోయినా, ఆఖరికి వానలో తడిసి వచ్చినా, అమ్మ తనతో ఆ ఒక్క మాట అనలేదు.

"ఏమైందమ్మా?"

"ఏం కాలేదు. పనయ్యాక నేనూ ఇంటికి బయల్దేరతా. నువ్వొచ్చాకే అన్నం తింటాను."

"వస్తున్నా," అంది యాస్మిన్.