జయరాజు నెంబరు, పుల్లన్న బోరు

పుల్లన్న ఇల్లు కొండపైన, చేను, బోరు కొండ కింద. కరెంటు వచ్చినప్పుడల్లా గంటసేపు దిగి మోటరు వేసొచ్చేవాడు. మళ్ళీ ఇల్లు చేరేలోపే కరెంటు పోయేది. ఆయన మోకాళ్ళ అవస్థ చూడలేక భార్య చౌడమ్మ, కొత్తచెరువులో మోటర్లు బాగుచేసే జోయల్‌ను పిలిపించింది.

జోయల్ స్టార్టరు పక్కన చిన్న డబ్బా బిగించి, దాంట్లో కొత్త సిమ్ము వేసినాడు.

"ఇంగ దిగే పని ల్యాదన్నా. ఈ నెంబరుకు ఫోన్ చేస్తే మోటరు ఆడుతుంది. ఇంగోసారి చేస్తే నిలబడుతుంది."

కొండమీద సిగ్నలు ఏనుగుబండ అనే పెద్దరాయి ఎక్కితేనే దొరుకుతుంది. పుల్లన్న ఆ బండమీదికెక్కి ఫోన్ చేసినాడు. "మోటరు ఆన్ అయినది," అని ఒక ఆడగొంతు పలికింది. కింద చేన్లో పైపు నీళ్ళు కక్కింది. కొండమీది పన్నెండిండ్లోళ్ళూ నోళ్ళు తెరుచుకొని చూసినారు.

నాలుగు దినాలు బాగానే జరిగింది. ఐదోనాడు పుల్లన్న సంగటి తింటాంటే మోటరు దానంతటదే ఆడింది. చేత్తో ముద్ద పట్టుకొనే బండమీదికెక్కి ఫోన్ చేసి ఆపినాడు. దిగేలోపే మళ్ళీ ఆడింది. సాయంత్రానికి టమాట చేను బురదగుంటయింది.

"నీ వేలు ఊరికే ఉండదు గదా!" అని చౌడమ్మ ఫోను లాక్కొని కొంగున ముడేసుకుంది. అయినా మోటరు ఆగల్యా.

పక్కింటి ఆంజినమ్మ మాత్రం, "ఇది గంగమ్మ మహిమ," అని కిందికి పోయి డబ్బాకు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టింది. ఆడోళ్ళంతా బిందెలెత్తుకొని మొక్కుకోను క్యూ కట్టినారు. డబ్బా ముట్టనీకుండా వాళ్ళు అడ్డంపడితే పుల్లన్న ఒక్కడే, నారు కుళ్ళిపోతాంటే గట్టున కూచొని తల పట్టుకున్నాడు.

వారం తర్వాత జోయల్ వెంట ఒక లావుపాటి మనిషి ఆయాసపడతా కొండెక్కినాడు.

"నేను బ్యాండుమేళం జయరాజును. ఈడ మోటరుండాదే, దాని నెంబరు నాది!"

"నా బోరుకు నీ నెంబరేందప్పా?" అన్నాడు పుల్లన్న.

జయరాజు ఆరునెల్లు రీచార్జి చెయ్యకపోతే ఆ నెంబరు పోయిందంట. తిరిగి తిరిగి అది పుల్లన్న డబ్బాలోని సిమ్ముకు వచ్చింది. ఇప్పుడేమో పెండ్లిండ్ల నెల.

"బ్యాండు కావాల్నని జనాలు ఫోన్ చేస్తే మోటరు ఆన్ అయిందంటాండాదంట! ఏడూర్ల మోటరంగళ్ళు తిరిగి, ఇదో, ఈ జోయల్‌ను పట్టుకున్నా."

జోయల్ పుల్లన్న దిక్కు చూసి తల గోక్కున్నాడు. "నీ నెంబరుకు తప్ప ఎవురికీ ఆడకుండా కట్టడి చెయ్యాల్సిండె. మర్సిపోయినానన్నా."

"నీ పెండ్లిండ్లకు నా టమాటంతా కుళ్ళిపాయ!" అని అరిచినాడు పుల్లన్న.

"నా బ్యాండోళ్ళు ఆరుమంది పనుల్యాక మా ఇంట్లోనే కూచొని తింటాండారు. నా పెండ్లాం నన్ను కొట్టేదొక్కటే తక్కువ!" అని జయరాజు అంతకంటే గట్టిగా అరిచినాడు.

చౌడమ్మ నోటికి కొంగడ్డం పెట్టుకొని నవ్వి నవ్వి అలిసిపోయింది. తర్వాత జోయల్‌నడిగింది: "ఆ డబ్బాలో నా గొంతు పెట్టొచ్చునా?"

పెట్టొచ్చన్నాడు జోయల్. గొంతు రికార్డు చేసేటప్పుడు మొదటిసారి ఆమె కొండలు మారుమోగేట్లు అరిచింది. రెండోసారి మధ్యలో మేక అరిచింది. మూడోసారికి కుదిరింది. ఆ పొద్దు నుంచి పుల్లన్న ఫోనుకు తప్ప మోటరు ఆడల్యా. వేరేవాళ్ళు చేస్తే చౌడమ్మ పలికేది: "ఇది పుల్లన్న బోరు. పెండ్లికి బ్యాండు కావాల్నంటే జయరాజు కొత్త నెంబరు చెప్తా, రాసుకో. నిదానంగా రాసుకోప్పా, ముహూర్తం పారిపోదు."

ఆ నెలలో జయరాజుకు తీరిక దొరకల్యా. పుల్లన్న మళ్ళీ నారు పోసినాడు. నెలాఖర్న కొత్తచెరువులో తాను మేళం వాయించే ఒక పెండ్లికి జయరాజు పుల్లన్ననూ చౌడమ్మనూ పిలిపించినాడు. భోజనాల బంతిలో చౌడమ్మ నీళ్ళడిగితే, పెండ్లికూతురి తల్లి ఆ గొంతు విని గబగబా వచ్చింది.

"నువ్వు బోరక్కవు గదా! నెంబరు మొదటిసారే రాసుకున్నాలే. నీ మాట వినాల్నని ఇంగ మూడుసార్లు చేసినా!"

చౌడమ్మ సిగ్గుపడినట్లు తలొంచుకుంది. తర్వాత విస్తట్లోకి ఇంకో తియ్యటి ఓళిగ వేయించుకొని, పుల్లన్న వైపు చూడకుండా తినింది.