శ్రీకూర్మంలో దారి తప్పిన లక్ష్మణమ్మ

కంప్యూటరు బల్ల కిందికి చీపురు దూర్చి లక్ష్మణమ్మ ఇసక లాగుతోంది. మత్స్యకారుల సొసైటీ ఆఫీసులో ఎన్నిసార్లు ఊడ్చినా ఇసకే. ఊళ్ళో వేటకెళ్ళొచ్చిన కాళ్ళన్నీ ఒకసారి ఈ గది తొక్కి వెళ్ళాల్సిందే మరి. ఒక చేత్తో కరెంటు తీగలు పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో చీపురు ఆడిస్తూ, మధ్యమధ్య గోడకి చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుంటోంది. యాభై నాలుగేళ్ళ మనిషి. పీలగా ఉంటుంది. మడమలు పగిలి ఉంటాయి, ముక్కుకి రెండు పక్కలా పుడకలు. ఆరేళ్ళుగా ఆఫీసు ఊడ్వడం, టీ తేవడం, ఒడ్డున చేపల వేలంపాట అయ్యాక షెడ్డు కడగడం ఆమె పని. ఆమె ఉన్నట్టు ఎవరికీ గుర్తుండదు; ఒకపూట రాకపోతే మాత్రం ఊరంతా కేకలేస్తుంది.

బల్ల తుడిచి, తెర తుడిచింది. తెర మీద తెలుగులో ఏవో గళ్ళు, వాటి పైన ఒక అంకె. లక్ష్మణమ్మకి అక్షరాలు రావు గానీ సున్నా తెలియనిదెవరికి? రెండు నెలలుగా రోజూ ఆ సున్నానే తుడుస్తోంది.

ఆ సున్నా సంగతి కాస్త చెప్పుకోవాలి. ఎచ్చెర్ల వైపు ఒక కాలేజీలో ఉమాశంకర్ అనే మాస్టారు, ఆయన దగ్గర చదువుకున్న పిల్లలు, ఎక్కడెక్కడివాళ్ళో మరికొందరు కలిసి ఫోన్లో పనిచేసే ప్రోగ్రామొకటి రాశారు. పేరు ‘ఒడ్డు’. దానికి వెల లేదు. లోపలి రాత ఎవరైనా విప్పి చూడొచ్చు, చేతనైతే బాగుచెయ్యొచ్చు. బోటు బయల్దేరేటప్పుడు ‘ఇల్లు’ అన్న గుర్తు నొక్కాలి. తిరుగు ప్రయాణంలో ‘ఇంటికి’ నొక్కితే ఎంత మంచులోనైనా బాణం దారి చూపిస్తుంది, ఒక ఆడగొంతు చెబుతుంది కూడా. సముద్రం మీద సిగ్నలు లేకపోయినా ఫరవాలేదు. దాంట్లో తప్పులుంటే పట్టుకోవడానికి సొసైటీ కంప్యూటర్లో ఫిర్యాదుల పట్టీ పెట్టారు. ఒక్కో ఫిర్యాదుకి ఒక్కో నంబరు పడుతుంది. ఎవరికి జరిగింది, ఏ ఫోను, ఎప్పుడు, ఎక్కడ అని నాలుగు గళ్ళు నింపితేగాని పట్టీ తీసుకోదు. చెప్పినవాళ్ళు చూసుకుని సరేనంటేగాని ఏ ఫిర్యాదూ మూసెయ్యకూడదని మాస్టారి కట్టడి.

ఆ పట్టీ కట్టిన పిల్ల సింధూరి, విజయనగరం బట్టలకొట్టు వాళ్ళమ్మాయి, తొమ్మిదింటి బస్సుకి దిగింది. వస్తూనే తెర చూసి ముఖం చాటంత చేసుకుంది.

“పిన్నీ, ఇవాళ్టికీ సున్నానే. సారు ఒకటే సంబరపడుతున్నారు. సాయంత్రం దాకా చూసి, రేపట్నించి నలభై ఊళ్ళ బోట్లకి ఇచ్చేస్తున్నాం.”

లక్ష్మణమ్మ చీపురు మూల పెట్టింది. “సున్నా అంటే తప్పుల్నేవనా, సెప్పినోలు నేరనా?”

“ఉంటే చెప్తారు కదా.”

“అలగా?” అని ఊరుకుంది లక్ష్మణమ్మ. కానీ ఆమె మనసు ఊరుకోలేదు. ఈ నెలలో మూడు బోట్లు ఎండెక్కాక, అందరికంటే మూడు నాలుగు గంటలు వెనకగా వచ్చాయి. మూడింటినీ నడిపే సరంగులూ ఒకే మాట అన్నారు: “సేపల కోసం ఆగినాం.” ఆ మూడు బోట్ల ఐసు పెట్టెలు కడిగింది లక్ష్మణమ్మే. వాటిలో నెత్తురు మరక గానీ, ఒక్క పొలుసు గానీ లేదు. చేపల కోసం ఆగినవాడి పెట్టె అలా ఉంటుందా? ఆ ముగ్గురిలో ఒకడు గంగరాజు, ఆమె సొంత తమ్ముడు.

వాళ్ళెందుకు నోరు విప్పరో ఈ ఊళ్ళో లక్ష్మణమ్మకంటే తెలిసినవాళ్ళు లేరు. ఆమె పెనిమిటి దాలయ్య ఇరవయ్యారేళ్ళ వయసులో ఒకే ఒక్కసారి మంచులో దారి తప్పాడు. ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర తేలి, మూడో రోజు రైల్లో ఇల్లు చేరాడు. ప్రాణాలతో వచ్చాడని సంతోషించినవాళ్ళు ఒక్క పూటే సంతోషించారు. మర్నాటి నుంచి అతని పేరు గోపాల్‌పురపోడు. సముద్రం మీద పుట్టి పెరిగి దారి తెలియనివాడి వెనక బోటెక్కేదెవరు? వల లాగే కలాసీలు ఒక్కొక్కరే జారుకున్నారు. దాలయ్య బోటు వదిలేసి, మిగతా బతుకంతా ఇసకలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ వలలకి చిల్లులు కుట్టాడు. అతను జ్వరంతో పోయిన రోజున కూడా వీధిలో “గోపాల్‌పురపోడు పోనాడట” అనే అనుకున్నారు. పాడె కట్టేచోట ఆ మాట విని లక్ష్మణమ్మ ఏడవడం మానేసింది. కోపంతో ఏడుపు రాలేదు ఆమెకి.

ఒడ్డు మీద గంగరాజు ఒక్కడే వల చిక్కు తీసుకుంటున్నాడు. లక్ష్మణమ్మ వెళ్ళి పక్కన చతికిలబడింది.

“ఒరే, మంగళారం నాడు ఎక్కడ తిరిగినావురా?”

“సేపల కోసం ఆగినాను అప్పా.”

“నీ ఐసు పెట్టి నానే కడిగినాను.”

గంగరాజు చేతులు ఆగాయి. అటూ ఇటూ చూశాడు. “బేటరీ అయిపోతాదని నడిసముద్రంలో ఫోను ఆపీసినాను. మళ్ళీ ఏసి, ఇంటికి అని నొక్కినాను. ఇల్లు వచ్చీసింది అంటాది అది. సుట్టూ సూత్తే నీళ్ళే. మంచు ఇడిసిందాక ఇంజను ఆపుకుని కూకున్నాం.”

“మరి ఆ ముక్క ఆఫీసులో సెప్పొచ్చు గదా.”

“నీకు మతి పోనాదేటి? నలుగురు కుర్రోలు నా ఎనకాల వస్తన్నారు. తప్పిపోనాడంటే రేపొక్కడు రాడు. బావ బతుకు ఏటయిందో నీకు నాను సెప్పాలా?” అని గొంతు తగ్గించాడు. “నా పేరు రాయించినావంటే, అప్పవి కావు నువ్వు.”

“నలభై ఊళ్ళకి ఇచ్చెత్తన్నారట్రా దీన్ని.”

గంగరాజు వలలోకి తల దూర్చాడు. లక్ష్మణమ్మ మోకాళ్ళ మీద చేతులు మోపి లేచి, ఇసకలో ఆగి ఆగి నడుచుకుంటూ ఆఫీసుకి వచ్చింది. తమ్ముడి మీద ఆమెకి కోపం రాలేదు, జాలేసింది. దాలయ్య కూడా ఆ రోజు రైలు దిగి ఏదో అబద్ధం ఆడి ఉంటే బాగుండుననిపించింది.

ఆఫీసులో సింధూరి బిస్కట్లు తింటోంది.

“ఓ గుంటా, ఫోను ఆపి మళ్ళీ ఏత్తే మీ ‘ఒడ్డు’ ఏటవుతాది?”

“ఏమీ అవదు పిన్నీ. మా ల్యాబ్‌లో వందసార్లు చూశాం. ఇల్లు ఎక్కడ పెట్టామో అక్కడే ఉంటుంది.”

“కూకున్న సోటే ఆపి, కూకున్న సోటే ఏత్తే ఇల్లు ఎక్కడికెల్తాది? కదిలి ఎల్లినాక ఆపి సూసినారా?”

సింధూరి బిస్కట్టు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. “అది… చూడలేదు. ఎవరికైనా అలా జరిగిందా?”

“ఎవులికో జరిగిందిలే. సూద్దాం పద.”

బోటు మీద వెళ్ళి చూడ్డానికి లేదు. వేట బోటు ఆడది ఎక్కకూడదని ఊరి కట్టుబాటు. సింధూరి సంగతి సరేసరి, బస్సులోనే వాంతి చేసుకునే పిల్ల. లక్ష్మణమ్మే ఉపాయం చెప్పింది. సింధూరి దగ్గరున్న పరీక్ష ఫోన్లో ఆఫీసు గుమ్మంలో నిలబడి ‘ఇల్లు’ నొక్కించింది. తర్వాత ఇద్దరూ చేపల గంపల మధ్య ఇరుక్కుని షేరు ఆటోలో శ్రీకూర్మం బయల్దేరారు. ఆటోలో ఆడవాళ్ళు “ఏటే లక్ష్మణమ్మా, ఎక్కడికి పయనం?” అంటే, “దారి తప్పడానికి ఎల్తన్నాను” అంది. నవ్వారు. తనూ నవ్వింది.

గుడి వీధిలో కొబ్బరికాయల కొట్టు ముందు దిగారు. సింధూరి ఫోను ఆపింది. కాసేపాగి మళ్ళీ వేసింది. అది మెల్లిగా వెలిగి, చుక్కలు తిప్పి తిప్పి కుదుటపడింది. ‘ఇంటికి’ నొక్కింది.

“మీరు ఇంటికి చేరుకున్నారు,” అంది ఫోన్లో ఆడగొంతు, ఎంతో మర్యాదగా.

కొబ్బరికాయలాయన తలెత్తి చూశాడు. “ఏటమ్మా, నా కొట్టే మీ ఇల్లా?”

సింధూరి నవ్వలేదు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే మాట. మెట్టు మీద కూలబడిపోయింది. ఫోను ఆపి వేసిన ప్రతిసారీ ‘ఒడ్డు’ పాత ఇల్లు మర్చిపోయి, కళ్ళు తెరిచిన చోటునే ఇల్లనుకుంటోంది. నలభై ఊళ్ళు, ఒక్కో ఊళ్ళో ఎన్నేసి బోట్లు, ఒక్కో బోటులో ఎందరు మనుషులు అని లెక్క వేసుకుంటూ ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది. లక్ష్మణమ్మ పక్కన కూర్చుని, కొబ్బరినీళ్ళు తాగించింది.

“ఎవలూ పోలేదు గదా. ఇప్పుడే తెలిసింది గదా. ఏడుపెందుకు?”

అక్కణ్ణించే ఉమాశంకర్ మాస్టారికి ఫోను చేశారు. ఆయన మొత్తం రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత పంపకం ఆపేస్తున్నానన్నాడు. మరి ఇన్నాళ్ళూ ఒక్కరూ ఎందుకు చెప్పలేదని అడిగితే, సింధూరి ఫోను లక్ష్మణమ్మకి ఇచ్చింది.

“బాబూ, ఎవులు, ఎక్కడ అని అడిగితే ఎవుడు సెప్తాడు? సేపలు పడే సోటు పక్కోడికి సెప్పడు. దారి తప్పినానని పెళ్ళానికీ సెప్పడు. ఆ రెండు గళ్ళూ తీసీండి. అప్పుడు సూడండి.”

ఆఫీసుకి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. సింధూరి అన్నం కూడా తినకుండా పట్టీ విప్పి కూర్చుంది. పేరు, చోటు ఇష్టమైతేనే రాసేలా మార్చింది. ఆ తర్వాత మొదటి ఫిర్యాదు తనే టైపు చేసి, పేరు గడి ఖాళీగా వదిలింది.

“నా పేరు రాయి,” అంది లక్ష్మణమ్మ.

“అక్కర్లేదు పిన్నీ, నువ్వే కదా తీయించావు.”

“మొదటి మాటకి పేరుండాలి. పేరు నేని మాట గాలికెల్లిపోతాది. రాయి. తప్పిపోయినోలు, లక్ష్మణమ్మ. ఎక్కడా అంటే, శ్రీకూర్మం, కొబ్బరికాయల కొట్టు ముందు.”

సున్నా పోయి ఒకటి పడింది. ఫిర్యాదు మూశాక కబురు పంపడానికి ఆమె ఫోను నంబరు కూడా ఎక్కించారు. సెక్రటరీ జగన్నాధం కళ్ళజోడు సవరించుకుని తెర మీద చదివి, పొట్ట పట్టుకుని నవ్వాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తిరుగుతున్న శ్రీకూర్మంలో తప్పిపోయావటే అన్నాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దు వాలే వేళకి ఊరంతా పాకింది. కుళాయి దగ్గర బుల్లమ్మ “శ్రీకూర్మం వచ్చినాది, దారియ్యండే” అంది. పిల్లలు వెంటబడి అదే పాటగా పాడారు.

లక్ష్మణమ్మ బిందె నింపుకుంది. ముప్పై ఏళ్ళు మొగుడి మీద పడ్డ పేరు మోసిన మనిషికి ఇదొక లెక్కా? పైగా లోపల ఎక్కడో హాయిగా ఉంది. ఇన్నేళ్ళూ దాలయ్య ఒక్కడే తప్పిపోయినవాడు ఊళ్ళో. ఇవాళ తనూ వెళ్ళి అతని పక్కన కూర్చున్నట్టుంది. బిందె దించుకుని, ఇంట్లో ఎవరూ లేకపోయినా పైకే అంది: “ఇద్దరమూ అయినాం, సాల్లే.”

మర్నాడు పట్టీలో నాలుగు ఫిర్యాదులు పడ్డాయి, పేర్లు లేకుండా. వారం తిరిగేసరికి పదకొండు. గాలివాటు తప్పు చెబుతోందని ఒకటి, తడి వేళ్ళతో నొక్కితే పలకడం లేదని ఒకటి, ఆ ఆడగొంతు మరీ నెమ్మదని ఒకటి. ఊడ్చేటప్పుడు లక్ష్మణమ్మ రోజూ అంకె చూసుకుని, ఎవరినో ఒకర్ని చదవమని అడిగేది.

పదమూడో రోజు పొద్దున్న ఆఫీసు తలుపు తియ్యలేదు. జగన్నాధం కేకలేసి, కేకలేసి, చివరికి మనిషిని పంపాడు. లక్ష్మణమ్మ నిద్దట్లోనే పోయింది. గుండె ఆగిందన్నారు. చాప మీద పక్కకి తిరిగి, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకున్నట్టే ఉందట. గంగరాజు మూడు రోజులు వేటకెళ్ళలేదు. శవం లేపేటప్పుడు ఎవరో “శ్రీకూర్మం” అనబోతే వాడి వైపు ఒక్క చూపు చూశాడు. వాడు నోరు మూసుకున్నాడు.

చిన్నదినం కర్మ అయిన మర్నాడు బాగుచేసిన ‘ఒడ్డు’ పట్టుకుని సింధూరి వచ్చింది. సంగతి తెలిసి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఎంతసేపటికో లోపలికొచ్చి, అడిగినవాళ్ళ ఫోన్లలో కొత్తది ఎక్కించింది. గంగరాజు తన ఫోను కూడా ఇచ్చాడు. ఒకటో నంబరు మాత్రం సింధూరి తెరిచే ఉంచేసింది. చెప్పిన మనిషి చూసి సరేననాలి, ఆ మనిషి లేదు. మాస్టారిని అడిగితే, ఉండనియ్యమ్మా, ఎన్నాళ్ళున్నా ఫరవాలేదు అన్నాడు.

మర్నాడు పది గంటలకి బోట్లన్నీ ఒడ్డెక్కాయి. చేపల పాటకి ముందు సరంగులూ కలాసీలూ ఆఫీసు నిండా ఉన్నారు. గంగరాజు ఒంటి మీద నీళ్ళు కారుతుండగానే కంప్యూటరు దగ్గరికొచ్చాడు.

“నడిసముద్రంలో ఆపినాను. మళ్ళీ ఏసినాను. తిన్నగా ఇంటికి తెచ్చినాది. అప్ప నంబరు మూసీమ్మా.”

సింధూరి తలూపింది. “చూసింది ఎవరో రాయాలి. పేరొద్దంటే వదిలేస్తాను బాబాయ్.”

గది నిండా మనుషులు. వెనక అతని కలాసీలు నలుగురూ నిలబడే ఉన్నారు. గంగరాజు అటు తిరిగి చూడలేదు.

“గంగరాజు అని రాయి. ఆ మంగళారం నాడు తప్పిపోయింది నానే, అప్ప కాదు. అది కూడా రాయి.”

ఎవరూ నవ్వలేదు. కాసేపటికి గోడవార నిలబడ్డ ఒక ముసలి సరంగు గొంతు సవరించుకుని, “నా పేరూ ఏసీ అందులో” అన్నాడు.

సింధూరి రాసింది, మూసింది. లక్ష్మణమ్మ ఛార్జింగ్ పెట్టి మర్చిపోయిన చిన్న ఫోను ఆఫీసు కిటికీ గట్టు మీదే ఉంది. కబురు అందుకుని ఒక్కసారి గుర్రుమంది. బొత్తాల మీద అంకెలన్నీ అరిగిపోయిన ఆ ఫోనుకి, వెనక మూత ఊడకుండా రెండు చుట్లు తిప్పిన పచ్చ రబ్బరు బ్యాండు ఉంది.