చౌడేశ్వరి మేకలకు లాటిన్ వచ్చిన వైనం

కుందుర్పి పక్కన పల్లెలో లాటిన్ భాషతో ఎవరికైనా ఏం పని? చౌడేశ్వరికి పడింది. మొక్కల శాస్త్రీయ నామాలు నేర్పే చదువొకటి బెంగళూరులో ఉంది. అందులో సీటు రావాలంటే ఫోన్లో లాటిన్ విశేషణాల పరీక్ష గట్టెక్కాలి. లేదంటే జన్మంతా మేకల వెంటే. మేకల మీద ఆమెకు కోపమేమీ లేదు గానీ, తుమ్మచెట్టుకు మనకు తెలియని పేరింకొకటుందని విన్నప్పటి నుంచి ఆ పిల్లకు మనసు మనసులో లేదు.

ఆ విశేషణాలున్నాయే, వట్టి పెంకిఘటాలు. మన తెలుగులో తెల్ల అంటే మేకకైనా పోతుకైనా తెల్లే, గొడవ లేదు. లాటిన్‌లో ఆడదైతే ఆల్బా, మగదైతే ఆల్బుస్. పెద్దది మాగ్నా, పెద్దోడు మాగ్నుస్. పక్కనున్నది ఆడో మగో చూసుకుని ప్రతి మాటా తోక మార్చుకోవాలి. పుస్తకం ముందేసుకుని ఎంత బట్టీ పట్టినా ఒక్కటీ బుర్రలో నిలవలేదు.

చివరికి మేకలే దిక్కయ్యాయి. వాళ్ళింట్లో మేకలను రంగును బట్టి పిలిచి, వచ్చినదానికి గుప్పెడు తుమ్మకాయలు పెట్టడం వాళ్ళవ్వ మారెక్క చేసిన అలవాటు. చౌడేశ్వరి తుమ్మకాయలు అవే ఉంచి పేర్లు మార్చేసింది. ఎర్రమేక రూబ్రా అయింది, తెల్లమేక ఆల్బా, చిన్న మేకపిల్ల పార్వా. మేకలకు వ్యాకరణంతో పనేముంది, కాయలుంటే చాలు! ఇట్టే నేర్చేసుకున్నాయి. వాటితో పాటు ఆమె కూడా నేర్చుకుంది.

మారెక్కకు ఒళ్ళు మండింది. "ఏమ్మే, ఎర్రీ అంటే పలకదే ఇది! ఏం మందు పెట్టినావు?"

"మందు కాదవ్వా, లాటిన్. రోమ్ దేశం భాష. ఇప్పుడు ఎవురూ మాట్లాడరులే."

"ఎవురూ మాట్లాడనిది మేకలకెందుకే? ఇవి ఎవురితో మాట్లాడల్ల?"

పరీక్ష రోజు వచ్చింది. ఊళ్ళో సిగ్నల్ అందేది మేకల దొడ్డి గోడ దగ్గరొక్కటే. చౌడేశ్వరి అక్కడే బండ మీద కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. పరీక్షించే మేడం పేరు ప్రశాంతి. పేరుకు తగ్గట్టే నెమ్మదిగా అడిగింది.

"తెల్లనిది, స్త్రీలింగంలో?"

"ఆల్బా!"

తెల్లమేక గోడ దూకొచ్చి ఒళ్ళో మూతి పెట్టింది.

"ఎర్రనిది?"

"రూబ్రా!"

ఎర్రమేక వచ్చి ఇయర్‌ఫోన్ తీగ కొరికేసింది. చౌడేశ్వరి గబగబా ఫోన్ చెవికి పెట్టుకుంది. పార్వా అన్నంతలో మేకపిల్ల వీపెక్కింది. తుమ్మకాయలేవీ అని మూడూ ఒకటే అరుపు.

"అక్కడేం జరుగుతోందమ్మా?"

"ఏం లేదు మేడం, ఇంట్లోవాళ్ళు."

"సరే, ఆఖరి ప్రశ్న. మాగ్నా పుంలింగంలో ఏమవుతుంది?"

చౌడేశ్వరి గబుక్కున వెనక్కి తిరిగి చూసింది. మాగ్నుస్ అంటే దొడ్డి చివర నెమరేస్తున్న పెద్ద పోతు. కరెంటు మీటరు చూడవచ్చిన మనిషిని కాలువలోకి తోసిన ఘనుడు. తప్పు చెబితే పోతు రాదు, సీటూ రాదు. సరిగ్గా చెబితే తాను మిగలదు. పెదాల మధ్యే గొణిగింది.

"వినపడలేదు, గట్టిగా."

కళ్ళు మూసుకుని, ఏదైతే అదవుతుందని గొంతు చించుకుంది. "మాగ్నుస్!"

అది వచ్చింది. చౌడేశ్వరి ఒకవైపు పడింది, ఫోన్ ఇంకోవైపు నీళ్ళ గాబులో పడింది. ఫోన్ తీసి ఎంత తుడిచినా వెలగలేదు. మొత్తం పోయిందనుకుని ఆ పిల్ల చిన్నపిల్లలా ఏడ్చింది.

సాయంత్రం అంగడి గంగప్ప ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. దరఖాస్తులో రెండో నంబరు ఆయనదే. చెప్పినవన్నీ సరైనవేననీ, సీటు వచ్చిందనీ ప్రశాంతి మేడం చెప్పింది. అంతకుముందు, దెబ్బలేమీ తగల్లేదు కదా అని అడిగింది.

చౌడేశ్వరి ఎగిరి గంతేసింది. మారెక్క మాత్రం దొడ్డి గోడకు ఆనుకుని ఉండిపోయింది.

"నువ్వు పోతే ఇవి నా మాట యాడ వింటాయి? నాకూ నేర్పియ్యి మే."

రూబ్రా, ఆల్బా అవ్వ నోట పలికాయి. మాగ్నుస్ దగ్గర మాత్రం, వాణ్ణి పిలిచే అవసరం తనకు లేదని తేల్చేసింది. ఆ తర్వాత ఇంకోటి అడిగింది.

"మంచి అనేదానికి ఏమంటారు?"

"మొగోళ్ళకు బోనుస్, ఆడోళ్ళకు బోనా."

మారెక్క మేకల వైపు చూస్తూ "బోనా!" అని కేకేసింది. ఒక్కటీ తల ఎత్తలేదు.

"ఆ పేరు దేనికీ పెట్టలేదవ్వా."

"నేను మేకలను పిలిచినానా? నిన్నే. లేసి రా, సంగటి చల్లారిపోతాండాది."