మామయ్య రక్తం

అటు అమ్మవైపు, ఇటు నాన్నవైపు ఎంత వెతికినా కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ అమ్మాయే. అందుకే ఇంట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా, చివరికి ఫ్యాను తిరగకపోయినా "పెద్దచదువు పిల్లనడగండి" అనేవారు. ఆమె నోట ఏ మాట వస్తే అదే ఖాయం. ఆ సంగతి తెలిసి కూడా అబద్ధమాడింది.

ప్రయోగశాలలో ఆమె పని, రక్తంలో రోగాలతో పోరాడే కణాలను ఏ రకానికి ఆ రకంగా విడదీయడం. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం కావాలనగానే మేనమామ ఎగిరి గంతేశాడు. బస్సుల షెడ్డులో మెకానిక్ ఆయన. అక్కడ ఎవరికి దెబ్బ తగిలినా రక్తానికి ముందు కబురు ఆయనకే.

"తీసుకో కోడలా! మీ అత్త ఇన్నేళ్ళు తాగినా ఇంకా మిగిలే ఉంది" అన్నాడు చెయ్యి చాపి.

"ఏం తాగుతాం, అంతా ఇంజనాయిలే" అంది వెంట వచ్చిన అత్తయ్య.

వాళ్ళు వెళ్ళాక ఆమె పనిలో పడింది. గొట్టంలో చిక్కటి ద్రవం పోసి, దాని మీదికి రక్తాన్ని గోడవెంట మెల్లగా జార్చింది. యంత్రంలో గిరగిరా తిప్పి తీసేసరికి ఎర్రకణాలు అడుగుకు దిగాయి. మధ్యలో మీగడ తరకలా తెల్లటి పొర నిలిచింది. కావలసిన కణాలుండేది ఆ పొరలోనే, కానీ అందులోనూ నానారకాలు. వాటిని వేరు చేయడానికి కంటికి కనపడనంత చిన్న అయస్కాంతపు పూసలు కలుపుతారు. పూసలంటుకున్న కణాలు అయస్కాంతం దగ్గర ఆగిపోతాయి, అంటనివి కింది గొట్టంలోకి జారిపోతాయి.

అన్నాళ్ళూ ఆమె చేసిన పద్ధతిలో ఆగినవి దాచుకునేవి, జారినవి పారబోసేవి. ఈసారి అంతా తలకిందులు. పూసలు అక్కర్లేనివాటికి అంటుకుంటాయి, కావలసిన రకం, అంటే టి-కణాలు, ఏ పూసా తగలకుండా కిందికి వచ్చేస్తాయి. "ఈసారి జారిపోయినవే మనకు కావాలి, మరిచిపోయేవమ్మా" అని ప్రయోగశాల నడిపే మేడమ్ పొద్దున్నే హెచ్చరించింది కూడా.

తలకు గుర్తుంది గానీ చేతికి గుర్తులేదు. అలవాటు పడిన చెయ్యి కింది గొట్టం తీసి బ్లీచింగ్ నీళ్ళ బకెట్లో ఒంపేసింది. ఒంపుతుండగానే ఆమెకు పొరపాటు తెలిసొచ్చింది.

"ఏమైంది?" అంది మేడమ్, ఆమె మొహం చూసి.

"రక్తం గడ్డకట్టేసింది మేడమ్."

"సరేలే, అప్పుడప్పుడూ అంతే. ఇంకొకరిని చూడు."

సాయంత్రం మామయ్య ఫోన్ చేశాడు. "ఎలా ఉన్నారు నా సిపాయిలు?"

అప్పుడైనా చెప్పొచ్చు. కానీ మేడమ్‌తో ఒకటి చెప్పి, ఈయనతో ఇంకొకటి చెబితే ఎక్కడో ఒకచోట బయటపడుతుందనిపించింది. "నీ రక్తం తొందరగా గడ్డకడుతోంది మామయ్యా. మళ్ళీ రానక్కర్లేదులే."

"అంటే... మంచిది కాదా?"

"అబ్బే, అలాగని కాదు..."

"సరేలేమ్మా. నీకు తెలిసినంత నాకేం తెలుసు" అని పెట్టేశాడు.

తర్వాత కొన్నాళ్ళకే అమ్మకు గర్భసంచి ఆపరేషన్ వచ్చిపడింది. ఆస్పత్రిలో ఇద్దరు బంధువులు రక్తమివ్వాలన్నారు. అత్తయ్య తమ్ముడు ఇచ్చాడు. నాన్నకు రోజూ ఇన్సులిన్ సూది కాబట్టి వద్దన్నారు. కూతురు ఇస్తానంటే ఆమెకే రక్తం తక్కువన్నారు. ఇక మిగిలింది మామయ్య. ఆయనేమో వరండా చివర గోడకు అంటుకుపోయి కూర్చున్నాడు.

"ఇంకొకరు రాకపోతే ఆపరేషన్ వాయిదా వేస్తారు, చూసుకోండి మరి" అంది నర్సు.

"ఏం బావా!" అన్నాడు నాన్న. "ఊరందరికీ పిలవకుండానే పరిగెత్తేవాడివి. చెల్లెలికనేసరికి కుర్చీ అతుక్కుందా?"

మామయ్య తలెత్తలేదు. గోళ్ళలోని గ్రీజు మరక గోక్కుంటూ "నాది వద్దులే బావా, పనికొచ్చేది కాదు" అన్నాడు. "దాంతో ఎవరికైనా ఏదైనా అయితే?"

తేలు కుట్టిన దొంగలా ఆమె ఇంకెంతసేపు నిలబడగలదు? లోపల అమ్మ ఎదురుచూస్తోంది.

"నీ రక్తం గడ్డకట్టలేదు మామయ్యా" అంది. "బంగారంలా ఉంది. నేనే కావలసినవి పారబోసుకుని, తప్పు నీ రక్తం మీదికి నెట్టాను."

అత్తయ్యే ముందు తేరుకుంది. "నీ ఇల్లు బంగారంగానూ! ఈ మనిషికి తిండి సయించడం లేదే! పిల్లలకు కూడా ఈ రోగం వచ్చిందేమోనని పడుకున్నవాళ్ళ మొహాలు తడిమి చూస్తున్నాడే!"

ఆమెకు భూమి చీలి మింగేస్తే బాగుండనిపించింది. మామయ్య మాత్రం లేచి, చొక్కా చెయ్యి మడుచుకుంటూ నర్సు వెనకే వెళ్ళిపోయాడు.

రక్తమిచ్చి మంచం మీద కూర్చున్న ఆయన దగ్గరికి ఆమె మంచినీళ్ళు పట్టుకెళ్ళింది.

"తిట్టు మామయ్యా."

"తిడితే నీకు తేలికవుతుంది, నాకేమవుతుంది?" అన్నాడు. "మొన్న షెడ్డులో క్లీనర్ చెయ్యి జాకీ కింద నలిగింది. రక్తానికి నా దగ్గరకే వచ్చారు. నేను రానన్నాను. వేరేవాళ్ళు దొరికారు గనక బతికాడు. వాళ్ళమ్మ ఇప్పుడు నేనెదురైతే పక్కకు తిరిగి పోతోంది."

ఆమె గ్లాసు ఆయన ముందుకు చాపింది.

"రేపు నాతో రా. ఆమెకు నువ్వే చెప్పు. నేను చెబితే సాకనుకుంటుంది. చదువుకున్నదానివి, నువ్వు చెబితే నమ్ముతుంది."

"వస్తాను" అంది.

ఆయన గ్లాసు అందుకున్నాడు గానీ, తాగినంతసేపూ మొహం కిటికీ వైపే ఉంచాడు.