అక్క చేతుల్లో చిమచిమ

నా పని బోట్లలో కరెంటు. ఈ సరస్సు చుట్టూ ఉన్న జెట్టీల మీద నన్ను మీటరమ్మ అంటారు, అదీ నా వెనకాల. ఏ బోటెక్కినా ముందు మీటరు తీస్తాను, పలకరింపులు తర్వాత. సొంత అక్క బోటైనా అంతే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మావాళ్ళ ఫిర్యాదు. నీళ్ళ మీద కరెంటుతో కాపురం చేసేదానికి శాంతం ఎక్కడినుంచి వస్తుంది?

ఆ సెలవు రోజు బావ నన్ను పిలిచింది ఫ్రిజ్ కోసం. బోటులో ఫ్రిజ్ దానంతటదే ఆగిపోతోందట, ఏ వైరు ఎక్కడికి పోతోందో ఆయనకి అంతు చిక్కడం లేదట. బోటు దగ్గరికి వెళ్ళేముందు అక్క ఇంట్లో టీ తాగడానికి ఆగాను. జెట్టీ అక్కడికి నాలుగడుగులు. బావ అప్పటికే బోటు దగ్గరికి వెళ్ళిపోయాడు. అక్క గ్లాసులు కడుగుతూ, నా వైపు తిరగకుండానే మాట మొదలుపెట్టింది.

"నాకు మీ బావంటే భయమటే."

"ఎవరన్నారు?"

"డాక్టరు."

నాకు నవ్వొచ్చింది. ఇంట్లోకి ఈగ వచ్చినా కిటికీ తెరిచి దారి చూపించే మనిషి ఆయన. కానీ అక్క నవ్వలేదు.

అక్క బడిలో పిల్లలకి ఈత నేర్పి రిటైరైంది. ఇప్పటికీ పొద్దున్నే వెళ్ళి బోటు పక్కన నీళ్ళలోకి దిగుతుంది. ఈ ఎండాకాలం మొదలైనప్పటి నుంచి నీళ్ళలో ఉండగా చేతులు చిమచిమలాడుతున్నాయట, ఒక్కోసారి బిగుసుకుపోతున్నాయట. పైకి రాగానే ఏమీ ఉండదు. నరాల డాక్టరు పరీక్షలన్నీ చేసి అంతా బాగుందన్నాడు. రోజూ వస్తుందా అని ఆయన అడిగితే, లేదు, సెలవు రోజుల్లోనే అంది అక్క. ఆ రోజుల్లో ప్రత్యేకం ఏమిటంటే, ఆలోచించి ఆలోచించి, ఆ రోజుల్లో మా ఆయన కూడా వస్తాడు అంది. దాంతో ఆ నరాల డాక్టరు ఇంకో డాక్టరు పేరు రాసిచ్చాడు, మనసుకి వైద్యం చేసే ఆవిడ పేరు.

"ఒంటరిగా దిగిన రోజు ఒక్కసారీ రాలేదే. ఆయన బోటులో ఉంటేనే వస్తుంది. మనసు దాచినా ఒళ్ళు దాచదంది ఆవిడ. లోపల ఏదో అణిచిపెట్టుకున్నారు, చూసుకోండి అంది. మొదట నేనూ కొట్టిపారేశాను. తర్వాత తవ్వుకోవడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళ కాపురం తవ్వితే ఏదో ఒకటి దొరక్కుండా ఉంటుందా? ఎప్పుడో ఆయన విసురుగా తలుపేసిన చప్పుడు కూడా గుర్తొచ్చింది."

"బావకి తెలుసా?"

"చేతుల సంగతి తెలుసు. ఎప్పుడొస్తుందో చెప్పలేదు. ఏ మొహంతో చెప్పను? కొన్నాళ్ళు విడిగా ఉండి చూడమంది డాక్టరమ్మ. బట్టలు సర్దుకున్నాను. ఎల్లుండి మీ ఇంటికొచ్చేస్తాను. ఈ సాయంత్రం ఆయనకి చెప్పాలి."

అమ్మానాన్నా పోయాక నాకు పుట్టిల్లంటే ఆ ఇల్లే. బావతో నేను ఎంత గొడవపడినా, వాళ్ళిద్దరూ ఒకచోట ఉన్నారన్న ధీమాతోనే గొడవపడేదాన్ని.

ఆ దిగులు వెనకే నా వృత్తి మేలుకుంది. నీళ్ళలో చిమచిమ అంటే నాలాంటివాళ్ళకి ముందు గుర్తొచ్చేది నరాలు కాదు.

"అక్కా, అది బోటులోంచి కరెంటు లీకవడమేమో. నేను చూసేదాకా నీళ్ళలో కాలు పెట్టకు," అన్నాను.

అక్క చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "అంతే అయ్యుంటుందంటావా?" అంది. జెట్టీ దాకా అదే మాట అడుగుతూ నా వెంట వచ్చింది. తనకి కరెంటు కొడుతోందని తెలిసి అంత సంబరపడ్డ మనిషిని నేనెక్కడా చూడలేదు.

మా బావ బోటు చాలా చేతులు మారింది. ప్రతి యజమానీ తనకు తోచిన వైరు ఒకటి కలిపాడు, పాతది మాత్రం ఎవరూ తీయలేదు. నేల చెక్క ఎత్తితే పేగులు చుట్టబెట్టినట్టు వైర్లు. జెట్టీ మీద ఒక్కో బోటుకూ ఒక్కో కరెంటు పెట్టె ఉంటుంది. దాంట్లోంచి లావుపాటి కేబులు బోటులోకి పోతుంది. ముందుగా ఆ పెట్టె దగ్గరే కేబులు చుట్టూ నా మీటరు కొక్కెం తగిలించాను. లెక్క తేలికే. బోటులోకి వెళ్ళిన కరెంటంతా అదే కేబుల్లో వెనక్కి వస్తే మీటరు సున్నా చూపిస్తుంది. సున్నా లేదంటే కొంత కరెంటు దారి తప్పి నీళ్ళలోకి పోతున్నట్టు.

బోర్డు మీద స్విచ్చులు ఒక్కొక్కటీ వేయించాను. లైట్లు, బ్యాటరీ చార్జరు, ఫ్రిజ్, పొయ్యి, ఫ్యాను. బావ లోపలి నుంచి పేరు చెప్పి వేస్తున్నాడు, నేను జెట్టీ మీద మీటరు చూస్తున్నాను, అక్క నా మొహం చూస్తోంది. అన్నింటికీ సున్నా. మళ్ళీ మొదటి నుంచి వేయించాను. సున్నాయే.

"ఏమీ లేదక్కా," అన్నాను.

"అయితే డాక్టరమ్మ చెప్పిందే నిజం," అంది అక్క మెల్లగా. "పోన్లే, వెతికావు." కాసేపు బావ వైపు చూసింది. ఆయన ఫ్రిజ్ ముందు గొంతుక్కూర్చుని దానికేదో నచ్చజెబుతున్నాడు. "నేను కాస్సేపు ఈదొస్తానే. ఆ మాట చెప్పాలంటే ముందు నాకు ఊపిరాడాలి," అని బోటు వెనకవైపుకి వెళ్ళింది.

వద్దనడానికి నా దగ్గర ఏముంది? మీటరు నా వైపు లేదు.

ఫ్రిజ్ రోగం చిన్నదే, బ్యాటరీ దగ్గర తీగ చివర తుప్పు పట్టింది. గీకి, బిగించి, ఇంకా ఏమైనా ఉందేమోనని కేబులు బోటులోకి దిగే అర వెనకాల తల దూర్చాను. నాకు అప్పటికి పని మీద ధ్యాస లేదు, ఊరికే చేతులు ఆడిస్తున్నాను. అక్కడ కనబడింది, ఆకుపచ్చ వైరు. ఎర్త్ వైరు. కత్తిరించి, కొసకి టేపు చుట్టి, పొందిగ్గా పక్కకి మడిచిపెట్టి ఉంది.

"బావా, ఇదెవరు కోశారు?"

"నేనే," అన్నాడు బావ, గదిలోంచి వస్తూ. మొహంలో కాస్త గర్వం కూడా ఉంది. "బోటు అడుగున జింకు ముక్క ఉంటుంది చూడు, ప్రొపెల్లరు పాడవకుండా తను అరిగిపోతుంది, అది మరీ తొందరగా కరిగిపోతోంది మరదలా. ఆకుపచ్చ వైరు కోసేస్తే ఆగిపోతుందని జెట్టీ మీద అందరూ చెప్పారు. వేసవి ముందు కోశాను. నిజంగానే ఆగింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "జింకు ముక్క మిగిలింది, సంతోషం. ఎక్కడైనా కరెంటు లీకైతే ఒడ్డుకి తిరిగిపోయే దారి ఇదొక్కటే బావా. ఇది తెగితే అది నీళ్ళలోకే పోతుంది. జెట్టీ మీద కబుర్లు చెప్పేవాళ్ళని అడిగే బదులు నన్నొక్క మాట అడిగితే మీ సొమ్మేం పోయింది?"

"మరి నీ మీటరు సున్నా అంది కదా?"

అదీ నిజమే. తిట్టుకుంటూ జెట్టీ మీదికి వెళ్ళాను. మీటరు కేబులుకే వేలాడుతోంది. సున్నా లేదు. మనిషి ప్రాణం తీయడానికి చాలినంత కంటే ఎక్కువే చూపిస్తోంది.

"బావా, ఇప్పుడేం వేశారు?"

"ఏం లేదే. గీజరు."

"బోర్డులో గీజరు లేదు కదా?"

"దాని స్విచ్చు అల్మరాలో ఉంటుంది, పాత యజమాని ఎప్పుడో విడిగా పెట్టాడు. మీ అక్క ఈతకి దిగితే నేనే వేస్తాను. పైకొచ్చేసరికి వేడినీళ్ళుండాలి కదా, తనకి చలి ఆగదు."

ఆయన ఉన్న రోజే చిమచిమ రావడం అంటే ఇదన్నమాట.

అప్పుడే బోటు వెనక నుంచి అక్క గొంతు వినిపించింది. అరుపేమీ కాదు. "మళ్ళీ వచ్చిందే," అంది, విసుగ్గా, ఓడిపోయినట్టు. నిచ్చెన కోసం చెయ్యి చాచింది. ఆ చెయ్యి ఆమె మాట వినలేదు. మోచేయి బిగుసుకుపోయి, భుజం మునిగి, మొహం నీళ్ళకి తగిలింది.

బావ పరుగెత్తాడు. "దూకొద్దు. దూకితే ఇద్దరూ పోతారు," అని అరిచాను. ఆయన బోటు అంచున ఒక కాలు బయటికి పెట్టి ఆగిపోయాడు. నేను పెట్టెలో మీట దించాను, ఆ మీటని నమ్మలేక, కేబులు ప్లగ్గు ఊడదీయడానికి దాని మర తిప్పాను. అది మొరాయించింది. ఆ కాస్సేపూ ఆయన, చేతికి అందేంత దూరంలో అక్క మునుగుతుంటే, నా మాట మీద నిలబడి చూస్తూ ఉండిపోయాడు. అలా ఆగాల్సిన గతి ఎవరికీ రాకూడదు.

ప్లగ్గు ఊడింది. "ఇప్పుడు," అన్నాను. నా మాట పూర్తికాకముందే ఆయన నీళ్ళలో ఉన్నాడు.

ఇద్దరం కలిసి అక్కని జెట్టీ మీదికి లాగాం. దగ్గింది, నీళ్ళు కక్కింది, మళ్ళీ దగ్గింది. కళ్ళు తెరిచి ముందు నన్నే చూసింది.

"కరెంటేనా?" అంది.

"కరెంటేనక్కా. గీజరు. లోపలి తీగ కాలి కరెంటు లీకవుతోంది. ఎర్త్ వైరు లేదు. బావ వచ్చిన రోజే గీజరు వేస్తాడు, అందుకే ఆ రోజే వస్తోంది."

అక్క ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. "చూశారా, మీరంటే భయం కాదు నాకు," అంది బావతో. ఇక ఆపలేకపోయింది. డాక్టరమ్మ అన్నదీ, రాత్రుళ్ళు పడుకుని పాత సంగతులన్నీ తవ్వుకున్నదీ, బట్టలు సర్దుకున్నదీ, సాయంత్రం చెప్పాలనుకున్నదీ, అన్నీ ఆ తడిబట్టలతోనే చెప్పేసింది. బరువు దిగిపోయిన సంతోషంలో ఆయన మొహం చూడలేదు. నేను చూశాను. ఆపమని అక్క భుజం నొక్కాను. ఆగలేదు.

వైరు కోసింది తనేనని బావ అక్కతో ఒప్పుకుంటాడనుకున్నాను, క్షమించమంటాడనుకున్నాను. ఆయన అడిగింది వేరు.

"నమ్మావా?"

అక్క నవ్వు ఆగిపోయింది. అబద్ధమాడడం ఆమెకి చేతకాదు. "నమ్మాను," అంది. "నా చేతులే చెబుతుంటే ఏం చేయనండీ?"

ఆయన తలూపాడు. గుమ్మం దగ్గర ఎవరో దారి అడిగితే ఊపినట్టు.

"ముందు ఆసుపత్రికి పోదాం పదండి, నీళ్ళు మింగింది," అన్నాను నేను, ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి కాబట్టి. అక్క లేవబోయింది, కాళ్ళు నిలవలేదు. లేపమని బావ వైపు చెయ్యి చాచింది.

ఆయన ఆ చేతిని చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అన్నీ ఆపేశావా?"

"ప్లగ్గే పీకేశాను బావా. ఎక్కడా కరెంటు లేదు."

"ఇంకొక్కసారి చూడు," అన్నాడు, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని.